చూసింది సరే... చూపించారా?

మా ఇంట్లో టీవీలో ఏ ఆట వస్తున్నా మావారు ఆటగాళ్ళ కంటే ముందు అంపైర్లనీ, రిఫరీలనీ తిట్టడం మొదలుపెడతారు. "తీర్పు చెప్పేవాడికి కళ్ళుండాల గానీ ఆ చేతులు తిప్పడాలు, వేళ్ళాడించడాలు ఏమిటికి? పగటివేషగాళ్ళ మాదిరి!" అంటారు. పోయినేడాది వరకూ నేనూ ఆ మాటకు తలూపినదాన్నే. నిర్ణయం సరైనదైతే చాలు, అది ఎట్లా చూపిస్తే ఏం అనుకునేదాన్ని. ఇప్పుడు ఊపడం లేదు. ఎందుకో చెప్తాను, తప్పు నాది కూడా ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడాను. గొప్ప ఆటగత్తెనేం కాదు. పొడుగ్గా ఉన్నానని టీమ్‌లో వేసుకున్నారు, అంతే. పెళ్ళయి పెద్దకడుబూరు వచ్చాక బంతి ముట్టుకున్నది లేదు. మా వైపు పల్లెల్లో ఆడపిల్లల ఆటంటే కబడ్డీ, ఖోఖోలే. పైనున్న వలలో బంతి వేసే ఆట ఇప్పటికీ చాలామందికి కొత్తే. అందుకే పోయినేడాది మా ప్రాంతంలో ఒకచోట బడిపిల్లలకు బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టినప్పుడు, ఆట తెలిసిన మనిషి దొరకడమే కష్టమై, తెలిసిన డ్రిల్లు సారొకాయన నాకు కబురు చేశారు. "అమ్మా, మీరు ఆడినోళ్ళే గదా, టేబుల్ కాడ కూర్చుని స్కోరు రాయండి, చాలు" అన్నారు. ఊరి పేరు, బడుల పేర్లు ఇక్కడ వద్దులెండి.

టేబుల్ పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఈ ఆటలో తప్పు చేసిన పిల్ల పేరున ఒక ఫౌల్ రాస్తారు. అయిదు ఫౌల్స్ అయితే ఆ పిల్ల ఆ మ్యాచ్‌లో ఇక ఆడకూడదు. తప్పు జరిగిందని చూసేది రిఫరీ, రాసేది స్కోరరు. వాళ్ళిద్దరి మధ్య అరుపులు, ఈలలు, డప్పులు ఉంటాయి. అందుకని రిఫరీ విజిల్ వేసి, పిడికిలి బిగించి చెయ్యి నిటారుగా పైకెత్తుతాడు. అంటే ఫౌల్, గడియారం ఆపమని. పిడికిలి కాకుండా అరచెయ్యి తెరిచి ఎత్తితే అది ఫౌల్ కాదు, నడవడం లాంటి మామూలు తప్పు. ఆ తర్వాత టేబుల్‌కు కనబడే చోటికి వచ్చి, నిలబడి, ముందు తప్పు చేసిన పిల్ల నంబరు వేళ్ళతో చూపించాలి. తర్వాత ఏం తప్పో, ఆఖర్న బంతి ఎవరికో లేక ఎన్ని ఫ్రీ త్రోలో. ఇదంతా ఒక వరసలో జరగాలి. అట్లా చూపిస్తేనే టేబుల్ దగ్గరున్న మనిషి కలం కదులుతుంది.

ఆ రోజు ఇద్దరు రిఫరీలు. ఒకరు వయసులో పెద్దాయన. ఆయన చెయ్యి ఎత్తితే గాలిగోపురం లేచినట్టే. రెండు పిడికిళ్ళు గిరగిరా తిప్పి ఒక పిల్ల నడిచిందని చూపించారు. నిజానికి ఆ పిల్ల నడవలేదు, నా ఎదురుగానే జరిగింది. కానీ ఒక్కరు నోరెత్తలేదు. అంత నమ్మకంగా చూపించాక ఎవరంటారు?

రెండో రిఫరీ డిగ్రీ చదివే అమ్మాయి. మొదటిసారి విజిల్ పట్టింది. ఆ పిల్ల కళ్ళు చూడండి, డేగకళ్ళు! ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరొచ్చి గుద్దుకున్నారు అన్నది ఈ ఆటలో తల పండినవాళ్ళకే సరిగ్గా దొరకదు. ఆమెకి దొరికింది. కానీ చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు. ట్రాక్‌సూట్ వేసుకునుంది, చున్నీ జారుతుందన్న భయం లేదు. అయినా ఇన్నేళ్ళుగా జారుతుందేమోనని ఒంటికి పట్టించిన అలవాటు ఒక్క పూటలో పోతుందా? ప్రతి నిర్ణయానికీ జనంలోంచి "ఏయ్ పాపా, ఏందది? ఎవురికి?" అని కేకలే. సరైన నిర్ణయానికి కేకలు, తప్పు నిర్ణయానికి నిశ్శబ్దం! పక్కన కూర్చున్న డ్రిల్లు సారుతో నేనే అన్నాను, "చూడండి సార్, లోకం వేషానికే దండం పెడుతుంది" అని. అన్న పావుగంటకే ఆ మాట నాకే తగిలింది.

ఆఖరి క్వార్టరు, ఇంకా నాలుగు నిమిషాలుంది. పన్నెండో నంబరు పాప జట్టు మూడు పాయింట్ల ముందుంది. ఆ పాపే ఆ జట్టుకు ప్రాణం. ఆమె అమ్మానాన్నలు మా వైపు ఎంతోమంది లాగే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతే, పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అప్పటికే ఆమె పేరున నాలుగు ఫౌల్స్. బంతి కోసం నలుగురు పిల్లలు ఒక్కచోట పడ్డారు. అమ్మాయి రిఫరీ విజిల్ వేసింది. పరుగెత్తుకుంటూ, ఇంకా నిలబడకుండానే, నంబరు చూపించింది. కుడిచెయ్యి పిడికిలి, ఎడంచేతి రెండు వేళ్ళు. పన్నెండు.

నేను పన్నెండు అని రాసుకున్నాను. అయిదో ఫౌల్. మా పక్కన అట్టముక్కల మీద రాసిపెట్టుకున్న అంకెలుంటాయి, అయిదు మాత్రం ఎర్ర రంగుతో. ఆ ఎర్ర అయిదుని నేనే ఎత్తి పట్టుకున్నాను, నాలుగు వైపులా కనబడేట్టు, చెయ్యి నిటారుగా. ఆ రోజు మైదానంలో నా సైగంత స్పష్టమైన సైగ ఇంకోటి లేదనుకుంటాను.

పన్నెండో నంబరు పాప నా వైపు చూసింది. అటూ ఇటూ చూసింది. ఒక్క మాట అనలేదు. వెళ్ళి బెంచీ మీద కూర్చుని తువ్వాలు తలమీదేసుకుంది. వాళ్ళ టీచరు కూడా అడగలేదు. అదే జట్టులో ఏడో నంబరు పిల్ల చెయ్యి సగం ఎత్తి, మళ్ళీ దించేసింది. అది నేను చూశాను. ఎందుకెత్తిందో అర్థం కాలేదు. అడగలేదు. ఆట సాగిపోయింది. ఆ జట్టు రెండు పాయింట్లతో ఓడిపోయింది.

ఆట అయ్యాక రిఫరీలొచ్చి స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టాలి. అమ్మాయి వచ్చి కాగితం చూసి తెల్లబోయింది. "మేడం, నేను చూపించింది ఏడు గదా!" అంది. ఏడు అంటే కుడిచేతి అయిదు వేళ్ళూ విప్పి, ఎడంచేతి రెండు వేళ్ళు. విజిల్ తాడు కుడిచేతికి చుట్టుకుని ఉండడంతో ఆ వేళ్ళు పూర్తిగా విప్పలేదు. విప్పని అయిదు నాకు పిడికిలిగా కనబడింది. పిడికిలి పక్కన రెండు వేళ్ళంటే పన్నెండు. ఏడు పన్నెండు అయింది.

సంతకం పడకముందు లెక్కలోని పొరపాటు దిద్దుకోవచ్చని రూలుంది. దిద్దాం. పన్నెండు పేరున నాలుగే మిగిలాయి, ఏడు పేరున ఒకటి పెరిగింది. కాగితం సరిపోయింది. పన్నెండో పాప బెంచీ మీద కూర్చున్న ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఏ రూలూ తిరిగివ్వదు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ అమ్మాయి చూసింది తప్పా? కాదు. ఏడో నంబరు పిల్లే గుద్దింది, ముమ్మాటికీ నిజం. నిజాన్ని సరిగ్గా చూసిన కళ్ళ నుంచి నా కలం దాకా పది గజాల దూరం ఉంది. ఆ పది గజాల్లో నిజం చెడిపోయింది. అందుకే "తీర్పు సరైనదైతే చాలదా" అని ఎవరైనా అంటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఎవరి దగ్గర సరైనది? ఆమె మనసులోనా, నా కాగితం మీదా?

ఇది చిన్న ఊళ్ళ బడి ఆటల్లో జరిగే చిన్న విషయం అనుకునేరు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా ఆడాయి. రిఫరీ ఇంగ్లండ్‌కు చెందిన గ్రాహం పోల్, చాలా పేరున్న మనిషి. రెండు పసుపు కార్డులు పడితే ఆటగాడు బయటికి పోవాలి. క్రొయేషియా ఆటగాడు జోసిప్ షిమునిచ్‌కి రెండోది చూపించాడు, కానీ పంపలేదు. మూడోది కూడా చూపించాకే పంపాడు! ఏం జరిగిందంటే, షిమునిచ్ చొక్కా మీద 3. ఆస్ట్రేలియా వైపు క్రెయిగ్ మూర్ చొక్కా మీదా 3. రెండో కార్డుని పోల్ తన పుస్తకంలో ఆస్ట్రేలియా 3 దగ్గర రాసుకున్నాడు. తప్పు చూడడంలో పొరపాటు లేదు. కార్డు చూపించడంలో పొరపాటు లేదు. రాతలో తేడా వచ్చింది. ఆ ప్రపంచ కప్‌లో ఆయనకు మళ్ళీ మ్యాచ్ దక్కలేదు. ఆ సంగతి చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఊరట కలిగింది. అంత పెద్దవాడికే జరిగింది, నాదెంత అని. ఊరట ఒక పూటే ఉందనుకోండి.

బాస్కెట్‌బాల్‌లోనే ఇంకా పెద్దది ఉంది. 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా 50-49తో ముందుంది. మిగిలింది మూడు సెకన్లు. మేము టైమ్ అవుట్ అడిగామని సోవియట్ కోచ్‌లు గోల చేశారు. ఆ అడగడం రిఫరీల దాకా సమయానికి అందలేదు. గడియారం గొడవ, హారన్ గొడవ. చివరికి అంతర్జాతీయ సమాఖ్య పెద్ద విలియం జోన్స్ వచ్చి ఆ మూడు సెకన్లు మళ్ళీ ఆడించమన్నాడు. సోవియట్ జట్టు 51-50తో గెలిచింది. అమెరికా ఆటగాళ్ళు వెండి పతకాలు తీసుకోనేలేదు. ఎవరు గెలవాల్సిందన్నది నేను తేల్చే విషయం కాదు. బంతి వలలో పడిందా లేదా అన్నదాని మీద కాదు ఆ రాద్ధాంతం మొదలైంది, ఒకరు అడిగింది ఇంకొకరికి అందకపోవడం దగ్గరే.

సైగలు అలంకారం కోసం పుట్టలేదు. పసుపు, ఎరుపు కార్డుల కథే చూడండి. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్‌కి జర్మన్ రిఫరీ. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని బయటికి పొమ్మన్నాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. అతను పోనంటాడు, ఈయన పొమ్మంటాడు. రిఫరీల వ్యవహారం చూసే కెన్ ఆస్టన్‌కు ఆ తర్వాత కారులో పోతుంటే ట్రాఫిక్ లైట్ కనబడి, ఏ దేశం వాడికైనా అర్థమయ్యేది రంగే కదా అనిపించిందట. 1970 మెక్సికో ప్రపంచ కప్ నుంచి కార్డులు వచ్చాయి.

బాస్కెట్‌బాల్‌లో అయితే చొక్కా మీది నంబర్లే రిఫరీ వేళ్ళను బట్టి పెట్టారు. చాలాకాలం అంతర్జాతీయ పోటీల్లో నంబర్లు 4తో మొదలై 15తో ముగిసేవి. ఒకటి, రెండు, మూడు వేళ్ళు చూపిస్తే పాయింట్లని పొరబడే ప్రమాదం ఉంది. పదిహేను దాటితే ఉన్న పది వేళ్ళతో ఒక్కసారిగా చూపించడం కుదరదు. 2014లో ఆ కట్టుబాటు తీసేసి 99 దాకా ఒప్పుకున్నారు. దాంతో పదహారు చూపించాలంటే ముందు చేతి వెనకభాగం టేబుల్ వైపు పెట్టి ఒక వేలు, ఆ తర్వాత అరచేతులు తిప్పి ఆరు వేళ్ళు చూపించాలి. రెండు అడుగుల పని. పరుగెత్తుతూ చేసేది కాదు.

ఇక్కడ మావారి మాట కొట్టిపారేయను. సైగ బాగుంటే తప్పు కూడా ఒప్పయి కూర్చుంటుంది. ఆ పెద్దాయన నడవని పిల్లని నడిచిందన్నప్పుడు అందరం నోరు మూసుకోలేదూ? నేను ఎర్ర అయిదు ఎత్తినప్పుడు జరిగింది కూడా అదే. తప్పు సమాచారాన్ని దివ్యంగా చూపించాను. కొత్తగా రిఫరీ పని నేర్పేవాళ్ళు కూడా చెయ్యి ఎంత ఎత్తాలి, వేళ్ళు ఎట్లా పెట్టాలి అన్నదే ఎక్కువ పట్టించుకుంటారేమో అనిపిస్తుంది. అది మార్కులేసేందుకు సులువు. చూపు మంచిదా కాదా అని మార్కులేయాలంటే నేర్పేవాడికీ చూపుండాలి గదా! ఈ రెంటిలో ఒకటే ఇస్తాను, ఏది కావాలంటావు అని ఆ దేవుడొచ్చి అడిగితే చూపే కావాలంటాను. సైగ నేర్పితే నెలలో వస్తుంది. చూపుకి ఏళ్ళు పడుతుంది. కానీ దేవుడు అట్లా అడగడు. ఒకటి ఉంది కదా అని రెండోది ఎగ్గొట్టేది మనమే.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల సంత చూశారా? దళారీలు తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం ఆడతారు. ఏ వేలు నొక్కితే ఎన్ని వేలో వాళ్ళిద్దరికే తెలుసు. పక్కన నిలబడ్డ రైతుకి కూడా తెలియదు. అక్కడ సైగ దాచడానికి. ఆటలో సైగ విప్పి చెప్పడానికి. మా ఇళ్ళల్లో మేము నేర్చుకున్నది మాత్రం ఆ తువ్వాలు కింది భాషే. చుట్టాల ముందు అత్తగారు కంటితో సైగ చేస్తే కాఫీయా, భోజనమా అన్నది కోడలికి అర్థమైపోవాలి. కనుబొమ్మ ఎగరేస్తే లోపలికి పో అని. పెళ్ళిచూపుల్లో తల ఎటు వంగిందన్నదాన్ని బట్టి ఒప్పుకుందని లెక్క! కంటిసైగలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. కానీ నలుగురిలో చెయ్యి పైకెత్తి "ఇది నా మాట" అని నిలబడడం ఎవరూ నేర్పలేదు. మాకు రానిది మా పిల్లలకెట్లా వస్తుంది?

రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రిఫరీల్లో చేరిన తొలి మహిళ అయ్యారు. మన తెలుగమ్మాయి అని ఎంత సంతోషపడ్డామో! కానీ మ్యాచ్ రిఫరీ మైదానం నడిమధ్య నిలబడి చెయ్యెత్తక్కర్లేదు. ఆ పని చేసే ఆడవాళ్ళని మగవాళ్ళ రంజీ ట్రోఫీ మ్యాచ్‌లలో చూడడానికి 2023 జనవరి దాకా ఆగాల్సొచ్చింది. వృందా రాఠీ, ఎన్. జనని, గాయత్రి వేణుగోపాలన్ అప్పుడు అంపైర్లుగా నిలబడ్డారు. అంతమంది మగవాళ్ళ మధ్య వేలెత్తి "ఔట్" అని చూపించాలంటే చూపొక్కటే సరిపోదు, భుజం కూడా పూర్తిగా లేవాలి.

సరే, ఆ రోజు నా తప్పు ఎక్కడుంది? అనుమానం వచ్చి కూడా అడగకపోవడం. ఏడో నంబరు పిల్ల చెయ్యి సగం ఎత్తినప్పుడు గడియారం ఆగే ఉంది. "ఏ నంబరు? పన్నెండా?" అని గట్టిగా ఒక్క మాట అడిగితే పోయేది. లేకపోతే నా వేళ్ళతో నేను తిరిగి చూపించి, ఆమె తలూపాక రాసుకోవాల్సింది. పెద్దాయన చెప్పినా అంతే, చిన్నపిల్ల చెప్పినా అంతే. తిరిగి అడగడం అంటే ఎదురు చెప్పడమని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. ఆ పన్నెండో పాపకీ నూరిపోశారు. ఏడో పిల్లకీ. వాళ్ళ టీచరుకీ. ఒక్కరు, ఇంతమందిలో ఒక్కరు నోరు తెరిచి అడిగుంటే ఆట ఇంకో రకంగా ఉండేది. పెద్ద ఆటల్లో కెమెరాలుంటాయి, వెనక్కి తిప్పి చూస్తారు. మట్టి కోర్టులో మనుషులే ఒకరినొకరు అడిగి సరిచూసుకోవాల.

అందుకే బడుల్లో ఆడపిల్లలకు బంతితో పాటు విజిల్ కూడా ఇవ్వమని డ్రిల్లు సార్లను బతిమాలుతున్నాను. ఆడేవాళ్ళు ఆడనీ, బెంచీ మీద కూర్చున్న పిల్లలు వంతులవారీగా రిఫరీ పని చెయ్యనీ, టేబుల్ దగ్గర రాయనీ. పిడికిలి ఎత్తమనండి, వేళ్ళు విప్పమనండి. రాసే పిల్లని ప్రతిసారీ తిరిగి అడగమనండి. దీనికి డబ్బు అక్కర్లేదు, కోర్టు కూడా అక్కర్లేదు.

ఈ మధ్య ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడితే పన్నెండో నంబరు పాప కనబడింది. నన్ను గుర్తుపట్టి "మేడం, బాగుండారా?" అని పలకరించింది. నాకు ముఖం చెల్లలేదు. "ఆ రోజు తప్పు నాదేమ్మా, అడిగి రాసుకోవాల్సింది" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి "పోనీలెండి మేడం, తక్కిన నాలుగూ నేను చేసినవే గదా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి అప్పుడే అడగకపోయినావా పాపా?" అంటే, "మీరు అంత గట్టిగా చూపిస్తిరి గదా, నేనే చేసుంటానేమో అనుకుంటి" అంది.

రిఫరీ అమ్మాయి ఆ పని మానేస్తానని కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే వెళ్ళి మాట్లాడాను. ఇప్పుడు బీరువా అద్దం ముందు నిలబడి నాలుగు నుంచి తొంభైతొమ్మిది దాకా వేళ్ళు పెట్టి చూసుకుంటోందట, వాళ్ళ తమ్ముడు తప్పులు పడుతున్నాడట. మళ్ళీ పోటీలు పెడితే టేబుల్ దగ్గరికి నన్నే రమ్మని అడిగింది. వస్తానన్నాను. విజిల్ తాడు మాత్రం మెడలో వేసుకోమన్నాను.